చప్పట్లు పడని సాక్ష్యం

నా చిన్నప్పుడు ఆదివారం వస్తోందంటే నాకు భలే సంబరంగా ఉండేది. భక్తి ఎక్కువై కాదు. గోపాల్‌పేటలో మా కాలనీ చివర రేకుల కప్పుతో ఒక చిన్న చర్చి ఉండేది. అక్కడ పాటలయ్యాక, వాక్యం, అంటే బైబిలు ప్రసంగం, మొదలవకముందు సాక్ష్యాల సమయం. ఆ వారంలో దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్లు లేచి నిలబడి చెప్పాలి. చెప్పి కూర్చోగానే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు, డోలక్ వాయించే మామ గట్టిగా ఒక దరువు వేసేవాడు. తప్పిపోయిన మేక తిరిగొచ్చిందని ఒకామె చెప్పేది. పండగ రద్దీలో హైదరాబాద్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని ఒకాయన చెప్పేవాడు. మేకకైనా, సీటుకైనా దరువు మాత్రం ఒకటే.

ఇంటికొచ్చాక నేను పైట లాగా తువ్వాలు కప్పుకుని ఆ సాక్ష్యాలన్నీ మళ్లీ చెప్పేదాన్ని. మేక గొంతు కూడా నాదే. మా అత్త, అంటే మా నాన్న చెల్లెలు, కడుపు పట్టుకుని నవ్వేది. మా అవ్వ "దేవునితోని పరాచకాలా, పోరీ" అని కసిరేది గానీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కసిరేది. మా అమ్మానాన్నలు పుణె వైపు పనికి పోయి యేడాదికోసారి వచ్చేవాళ్లు కాబట్టి ఇంట్లో మేం ముగ్గురమే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట అది. వానలు సరిగ్గా పడక మా కాలనీలో సగం ఇళ్లకు తాళాలే ఉండేవి.

మా అత్తకు చిన్నప్పటి నుంచీ ఫిట్స్ వచ్చేవి. మొదటిసారి వచ్చినప్పుడు తనకు ఐదేళ్లట, గడపలో కూర్చుని చింతగింజలు ఆడుకుంటోందట. అవ్వ ఎన్నో చోట్ల తిప్పి, చివరకు వనపర్తి దవాఖానలో ఒక డాక్టరు రాసిన గోలీల దగ్గర ఆగింది. ఆ గోలీలు వేసుకుంటున్నంత కాలం ఫిట్స్ ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే చుట్టంలా ఉండేవి. అయినా అత్త పొయ్యి దగ్గర ఒంటరిగా కూర్చోకూడదు, బావి వైపు పోకూడదు. పెళ్లి చూపులకు ఎవరూ రారు. ఎవరైనా వచ్చినా, కాలనీలో ఎవరో ఒకరు ఆ మాట చెవిన వేసి పుణ్యం కట్టుకునేవాళ్లు.

ఆ యేడు వనపర్తిలో స్వస్థత సభలు పెట్టారు. మా చర్చి సంఘమంతా ట్రాక్టరు ట్రాలీలో కూర్చుని పాటలు పాడుకుంటూ పోయాం. ఎక్కడి నుంచో వచ్చిన పెద్ద ప్రసంగీకుడు. తెల్ల చొక్కా, మైకు లేకపోయినా మైలు దూరం వినిపించే గొంతు. ఆయన మోసగాడని నేను ఇప్పటికీ అనను. రోగులను చూసినప్పుడు ఆయన కళ్లలోకి వచ్చిన నీళ్లు నిజమైనవే. అత్త తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశాడు. నమ్ముతున్నావా అని అడిగాడు. అత్త ఊ అంది. అయితే నువ్వు గోలీలను నమ్ముతావా, దేవుణ్ణి నమ్ముతావా అని అడిగాడు. అంతమంది ముందు ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఉంటుందా? అత్త తన సంచిలోంచి గోలీల అట్టలన్నీ తీసి వేదిక మీద పడేసింది. జనం హోరెత్తిపోయారు.

సరిగ్గా అప్పుడే జనరేటర్ ఆగిపోయింది. మైకు మూగబోయింది, లైట్లు పోయాయి. వేదిక మీద నుంచి ఆయనే "మెకానిక్కు! మెకానిక్కును పిలవండి, డీజిల్ చూడండి!" అని కేకలేశాడు. నేను అవ్వ ఒడిలో కూర్చుని ఉన్నాను.

"అవ్వా, గాయిన జనరేటర్ మీద చెయ్యి పెడ్తలేడేంది?" అన్నాను.

అవ్వ నా తొడ మీద గిల్లింది. కానీ అవ్వ గిల్లుళ్లన్నీ నాకు బాగా తెలుసు. ఆ గిల్లుడులో బలం లేదు. ట్రాలీలో తిరిగొస్తున్నంత సేపూ అందరూ పాడుతుంటే అవ్వ ఒక్కతే ఏదో ఆలోచిస్తూ కూర్చుంది.

తరువాతి ఆదివారం మా అత్త బతుకులో మొదటిసారి సాక్ష్యం చెప్పింది. "నా ప్రభువు నన్ను ముట్టిండు, నాకు నయమైంది" అంది. ఆ రోజు చప్పట్లకు పై రేకులు అదిరాయి. మేకకు పడనంత దరువు అత్తకు పడింది. ఎప్పుడూ గోడవారగా నడిచే మా అత్త ఇంటికి వచ్చేటప్పుడు దారి మధ్యలో నడిచింది. ఆ నడక చూసి నాకు ఎంత సంతోషమైందంటే, ఆ సాక్ష్యాన్ని మాత్రం నేను ఎన్నడూ అనుకరించలేదు.

కొన్నాళ్లు ఏమీ కాలేదు. తరువాత ఒక పొద్దున, వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ అత్త కట్టెలా పడిపోయింది. నుదురు రాయికి తగిలింది, పెదవి తెగింది. అవ్వ వచ్చి అత్తను పక్కకు తిప్పి పట్టుకుని కూర్చుంది. అత్తకు తెలివొచ్చాక అడిగిన మొదటి మాట "ఎవలన్న సూసిన్రా?" అని.

అక్కడ మొదలైంది అసలు కష్టం. అవ్వ మళ్లీ గోలీలు తెస్తానంటే అత్త ఒప్పుకోదు. "నేను సాక్ష్యం చెప్పిన గదనే అమ్మా. ఇప్పుడు గోలీ మింగితే దేవుణ్ణి అబద్దాలోణ్ణి చేసినట్టు గాదా?" అని ఏడ్చేది. దేవుడి పరువు కాపాడే పని తన నెత్తిన పెట్టుకుంది, పిచ్చిది. ఫిట్స్ మాత్రం ముందుకంటే ఎక్కువయ్యాయి. అత్త చర్చి మానేసింది, తరువాత గడప దాటడం కూడా మానేసింది. ఒకసారి పడినప్పుడు ఊపిరి తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ఇంకోసారి ఇట్లాగే వస్తే పిల్ల దక్కదని అవ్వకు అర్థమైంది. నాకూ అర్థమైంది. అప్పటి నుంచి నేను అత్త పక్కనే పడుకుని ఆమె కొంగు నా చేతికి చుట్టుకునేదాన్ని.

ఇలాంటి సంగతి కాలనీలో ఎంతకాలం దాగుతుంది? మా సంఘ పెద్ద ఒకాయన వచ్చి, లోపల ఏదో పాపం దాచి ఉంటుంది, అది ఒప్పుకుంటే గానీ స్వస్థత నిలవదు అన్నాడు. ఆయన అటు పోగానే పక్కింటి పెద్దమ్మ వచ్చి, మీరు ఇంటి దేవతను విడిచారు, ఆమెకు కోపం రాకుండా ఉంటుందా అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు గానీ, ఇద్దరి మాటా ఒకటే. దేవుడి పేరొక్కటే తేడా. నేను ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టినట్టు చేసి చూపిస్తే చాలా రోజుల తరువాత అత్త పెదవి కొంచెం కదిలింది. అవ్వ మాత్రం నవ్వలేదు.

"ఐదేండ్ల పోరికి ఏం పాపముంటదే?" అంది. నన్ను అడిగినట్టు లేదు. పొయ్యిలో పొగ వైపు చూసి అడిగింది.

ఆ ఆదివారం అవ్వ పొద్దున్నే తలస్నానం చేసి తెల్లచీర కట్టుకుంది. అత్తను బతిమాలలేదు. "వాకిలి కాడ్నే కూసో. గీ ఒక్కసారికి రా" అంది. అత్త తల మీద కొంగు కప్పుకుని, చర్చి తలుపు పక్కన నా వెనకాల నక్కి కూర్చుంది. పాటలయ్యాయి. మా అయ్యగారు, అంటే మా పాస్టరు, ముసలాయన. నెమ్మదస్థుడు, అరిచి ప్రసంగం చేయడం చేతకాదు. ఆయన లేచి సాక్ష్యాలు చెప్పేవాళ్లు ఎవరని అడిగాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా నోరు విప్పని మా అవ్వ లేచి నిలబడింది.

"దేవునికి స్తోత్రం. నా బిడ్డకు నయం గాలే. గిదే నా సాక్ష్యం" అంది.

డోలక్ మామ అలవాటుగా చెయ్యి ఎత్తేశాడు. ఎత్తిన చేతితో దరువు వెయ్యాలో దించాలో తెలియక అట్లాగే గాలిలో ఉంచేశాడు. చప్పట్లు కొట్టబోయిన ఒకరిద్దరు అరచేతులు దగ్గరికి తెచ్చి, సిగ్గుపడి ఒళ్లో పెట్టుకున్నారు.

సంఘ పెద్ద లేచాడు. "అవ్వా, గది సాక్ష్యం గాదు. జరిగిన మేలు చెప్పాలె."

"జరిగిందే చెప్తున్న గదయ్యా. జరగంది చెప్పుమంటవా?" అంది అవ్వ. ఆయన కూర్చున్నాడు. అవ్వ అయ్యగారి వైపు తిరిగింది. "అయ్యగారూ, నా బిడ్డకు గిది మొదాలు అచ్చినప్పుడు ఐదేండ్లు. చింతగింజలు ఆడుకునే పోరి. గప్పుడు గది ఏం పాపం జేసె? దేవుడు న్యాయవంతుడని మీరే చెప్తరు. గాయిన మీద నాకు కోపం లేదు. నాకు తెల్వక అడుగుతున్న. మీకు తెలిస్తే చెప్పున్రి."

అందరం అయ్యగారి వైపు చూశాం. ఆయన కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. ఇక జవాబు వస్తుంది, పెద్ద వాక్యమే చెబుతాడు అనుకున్నాను.

"నాకు గూడ తెల్వదవ్వా" అన్నాడు.

అంతే. పాస్టరు నోట తెలియదనే మాట నేను వినడం అదే మొదటిసారి. ఆయన అక్కడితో ఆగలేదు. తన మొదటి కొడుకు నాలుగేళ్లకే జ్వరంతో పోయాడని, మోకాళ్ల మీద ఉండి రాత్రంతా ప్రార్థన చేసినా తెల్లారేసరికి బిడ్డ లేడని చెప్పాడు. ఎందుకో ఆ రోజూ తెలియలేదట, ఇవాళా తెలియదట. అదే సాక్ష్యమైతే తనదీ ఒకటుంది, ఇన్నేళ్లు చెప్పుకోవడానికి చోటు దొరకలేదు అన్నాడు. ముందు వరసలో ఉన్న అమ్మగారు, ఆయన భార్య, కొంగులో మొహం దాచుకుంది. ఆమె పక్కనున్న ఆడవాళ్లు చాప మీద ఆమె దగ్గరికి జరిగారు.

మేక దొరికిందని చెప్పిన ఆమె మెల్లగా లేచింది. బొంబాయి పోయిన తన పెనిమిటి జాడ తెలియదని చెప్పింది. మేకను తెచ్చిచ్చిన దేవుడు మనిషినెందుకు తెచ్చివ్వలేదో అడగాలని ఉన్నా, అడిగితే మేకను కూడా తీసుకుపోతాడేమోనని భయమంది. ఎవరో ఫక్కున నవ్వారు. ఆమే నవ్వింది, ఏడుస్తూనే. ఆ రోజు వాక్యం లేదు. ఒకరి తరువాత ఒకరు లేచారు. చప్పట్లు లేవు. ఒకరు కూర్చోగానే చుట్టూ ఉన్నవాళ్లు కాస్త దగ్గరికి జరగడమే.

చివర్లో అయ్యగారు తలుపు దగ్గరికి వచ్చి మా అత్త ముందు కింద కూర్చున్నాడు. "నువ్వు అబద్దం చెప్పలే బిడ్డా. గప్పుడు నీకు నయమైనట్టే అనిపిచ్చె, చెప్పినవ్. తప్పు నిన్ను గోలీలు పారేయుమన్నోళ్లది. వద్దని చెప్పని నాది గూడ. రేపు వనపర్తి దవాఖానకు నేనే తోల్కపోత."

అత్త కొంగు కిందినుంచి చిన్న గొంతుతో అడిగింది, గోలీలు మింగితే దేవుడు ఏమనుకుంటాడో అని. అయ్యగారు జవాబు వెతుక్కునేలోగా అవ్వ అందుకుంది.

"ఏమనుకుంటడో గాయిన్నే అడుగు. ముందుగాల మింగు, మింగినంక అడుగు."

చర్చి అంతా నవ్వింది. అత్త కూడా నవ్వింది. కొంగు జారిపోతే మళ్లీ కప్పుకోలేదు. మరుసటి రోజు వనపర్తి బస్సులో అయ్యగారు నిలబడి మా ముగ్గురికీ సీటు ఇప్పించాడు. ఆ సీటు గురించి మాత్రం ఎవరూ సాక్ష్యం చెప్పలేదు.

అత్తకు పూర్తిగా నయం కాలేదు. అద్భుతమేదో జరిగిందని చెబితే అవ్వ పైనుంచి గిల్లుతుంది, ఈసారి బలంగానే. గోలీలతో ఫిట్స్ మళ్లీ ఎప్పుడో వచ్చిపోయే చుట్టమయ్యాయి. అత్త చర్చిలో పిల్లలకు పాటలు నేర్పడం మొదలుపెట్టింది, ఇప్పటికీ నేర్పుతోంది. పాడుతూ పడిపోతే ఆ పిల్లలే పక్కకు తిప్పి పట్టుకుంటారు, లేచాక మిగతా చరణం పాడిస్తారు. చర్చిలో సాక్ష్యాల సమయం ఇప్పటికీ ఉంది. మేకలూ సీట్లూ ఉన్నాయి, దరువూ ఉంది. అయితే ఎవరైనా లేచి "నాది అవ్వ సాక్ష్యం" అన్నారంటే మాత్రం డోలక్ మీంచి చెయ్యి పక్కకు పోతుంది. చాప మీద మనుషులు దగ్గరికి జరుగుతారు.

నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టి కుట్టుమిషను ముందు కూర్చున్నాను. ఇప్పుడు నాకూ పిల్లలున్నారు, కాలనీ పిల్లలకు నేనూ పెద్దదాన్నే. మంచివాళ్లకు కష్టమెందుకు, ఒకరికి జరిగిన అద్భుతం ఇంకొకరికి ఎందుకు జరగదు అని వాళ్లు అడుగుతుంటారు. నాకు తెలియదనే చెబుతాను. ప్రార్థన చేస్తాను, ఆ ప్రశ్న కూడా ప్రార్థనలోనే పెడతాను. గిట్టుబాటు కాని ప్రశ్న అని దేవుడు ఇంతవరకు తిప్పి పంపలేదు.

మొన్న నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామెకు కడుపులో బిడ్డ పోయింది. చూడటానికి పోయాను. వచ్చినవాళ్లంతా దేవుడి చిత్తమని ఒకరు, కర్మ అని ఒకరు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. నా నోరు ఎలాంటిదో మా కాలనీలో ఎవరినడిగినా చెబుతారు, కుట్టుమిషను ఆగినా అది ఆగదు. ఆ రోజు మాత్రం ఆగింది. నేను ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. కాసేపయ్యాక ఇంకొంచెం దగ్గరికి జరిగాను.