నకలులో రాసుకున్న వంతులు

పోయిన ఆషాఢంలో రెండో సోమవారం. ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన ఆగింది, గాలి లేదు, మా వాకిట్లోని వర్షమాపకంలో ముప్పై ఒక్క మిల్లీమీటర్లు ఉన్నాయి. ఆ నిమిషాన మా పామాయిల్ రైతుల సంఘం అధ్యక్షులు రెండు దండాలూ మూడు పువ్వులూ చేర్చి, సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక లింకు పంపారు. "కొత్త యాప్ వచ్చింది. అందరు జల్దీ వంతు రాసుకోండ్రి." దానికి వచ్చిన మొదటి జవాబు బొటనవేలు. రెండోదీ బొటనవేలే. నేను ఇదంతా మరునాడు చూశాను. నిమిషాన్ని మాత్రం ఫోను రాసి పెట్టింది కనుక సందేహం లేదు.

మాది అశ్వారావుపేట నుంచి అడవి అంచుకు పోయే దారి. కోసిన గెల మరునాటికల్లా మిల్లుకు బయలుదేరాలి. ఆలస్యమైతే నూనె చెడుతుంది, మిల్లు తిప్పి పంపుతుంది. మా ఊళ్ల గెలలన్నీ ముందు ట్రాక్టర్లలో సంఘం కాటాకు వచ్చి, తూకమయ్యాక లారీలకు ఎక్కుతాయి. కాటా సాయంత్రం ఆరింటికి మూస్తారు, ఆఖరి లారీ అప్పుడే కదులుతుంది. కనుక ఎవరి వంతు ముందన్నది మా దగ్గర మర్యాదకు సంబంధించిన ప్రశ్న కాదు.

వెనుక దానికొక పద్ధతి ఉండేది. కాటా దారి ఇరుకు, ట్రాక్టర్లు వరుసగా నిలబడే వీలు లేదు. వచ్చినవారు తమ లోడులోంచి ఒక గెల తీసి, కాడకు తమ గుర్తుగా రంగు పూసి, గేటు పక్కన అంతకుముందున్న గెల వెనుక పెట్టి, ట్రాక్టరును దూరంగా ఆపుకునేవారు. గెలల వరుసే మనుషుల వరుస. కోడి కూయకముందే వచ్చినవాడికి తప్ప ఇందులో ఎవరికీ న్యాయం లేదని కార్యవర్గం తీర్మానించి, యాప్ పెట్టించింది. దాన్ని తయారు చేసింది ఖమ్మంలో ఉండే నా మేనకోడలు.

యాప్ ఉండడానికి ఒక చోటు కావాలి. ఆ చోటును క్లౌడ్ అంటారు. అంటే మనది కాని కంప్యూటరు, మనకు కనిపించని ఊళ్లో, నెలనెలా కిరాయికి. ఆ మేఘం ఎంత గొప్పదో నాకు తెలియదు. కింద కొలపాత్రలో పడింది ఎంతో చూసి రాయడమే నాకు తెలిసిన విద్య. కిరాయి పుచ్చుకునే కంపెనీ ప్రతి రెండో గురువారం 'కొత్త సదుపాయాలు' అంటూ ఒక ప్రకటన పంపుతుంది. మేనకోడలు దాన్ని పెళ్లి పిలుపులాగా నాకు ఫోనులో చదివి వినిపిస్తుంది.

"మామా, ఈసారి యాప్ మస్తు ఫాస్ట్ అయితదట."

"ఇంతకుముందు ఎన్ని సెకన్లు? ఇప్పుడెన్ని?"

"అది రాయలే."

"రాయనిది ఎట్ల నమ్మినవు?"

"సరే, ఇది విను. ఎవ్వరు వాడకపోతే యాప్ దానంతట అదే పండుకుంటదట. ఎవరన్న పిలిస్తే లేస్తదట."

నేను ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో పంటల గణాంకాలు రాశాను. ఆ సదుపాయం మాకు మొదటి నుంచీ ఉండేది. మేము ప్రకటన ఇచ్చుకోలేదు, అంతే తేడా.

ఆ విడతలో ఆమె అన్నిటికన్నా మురిసిపోయి చదివినది ఇది: యాప్‌లో ఏ మార్పు చేసినా, ముందు అచ్చం దానిలాంటి నకలు ఒకటి వేరే లింకులో తయారవుతుంది. చూసి, బాగుందనుకుంటే మార్పును అసలులో కలుపుకోవచ్చు. కలిపిన క్షణమే నకలు దానంతట అదే చెరిగిపోతుంది.

"చెత్త మిగలదు మామా. మనం ఊడ్చే పని లేదు."

"ఏది చెత్తనో దానికెవరు చెప్తరు?"

"నువ్వు అన్నిట్ల వంక పెడ్తవ్," అని ఫోను పెట్టేసింది.

ఆ సోమవారం ఉదయం ఆమె, అక్షరాలు పెద్దవి చేసిన నకలు లింకును కార్యవర్గంలోని ఐదుగురికి పంపింది. 'ఇది పరీక్ష కోసం. ఎవ్వరికీ పంపొద్దు' అని కింద తెలుగులోనే రాసింది. మా అధ్యక్షులకు వచ్చినదాన్ని పంపడం తెలుసు, చదవడం అలవాటు లేదు. మధ్యాహ్నానికి ఆయనతో కలిపి ఇరవై మంది రైతులు నకలులో మంగళవారానికి వంతులు రాసుకున్నారు. నకలు కూడా అసలులాగే ఆకుపచ్చ టిక్కు చూపించి, 'మీ వంతు ఖరారైంది' అంది. ఎవరూ దాన్ని ఫోటో తీసుకోలేదు. ఎప్పుడంటే అప్పుడు ఫోనులో కనిపించేదానికి ఫోటో దేనికి? పన్నెండున్నరకు మేనకోడలు, ఎవరూ తప్పు చూపలేదు కనుక, మార్పును అసలులో కలిపింది. ప్రకటన మాట తప్పలేదు. అసలులో చేరింది పెద్ద అక్షరాలే, నకలు ఇరవై మంది వంతులతో సహా చెరిగిపోయింది.

మంగళవారం పదిన్నరకు నేను కాటా చేరేసరికి గేటు మూసి ఉంది. గేటు కాపలా మనిషి తన ఫోను అందరికీ చూపిస్తున్నాడు. "చూడుండ్రి, ఇయ్యాల వంతులు సున్న. యాప్ల పేరు లేకుంట గేటు తియ్యొద్దన్నరు."

నేను ఖమ్మానికి ఫోను చేశాను. మేనకోడలు యాప్ తెరిచి చూసుకుంది. తరువాత తేరుకుంది. "ఆగు మామా, రోల్‌బ్యాక్ ఉన్నది. అది గూడ కొత్తదే. ఒక్క బటన్ నొక్కితే పాత యాప్ తిరిగొస్తది."

నొక్కింది. తిరిగివచ్చింది. అక్షరాలు మళ్లీ చిన్నవయ్యాయి. వంతులు రాలేదు. ఇల్లు పాత గోడలతో లేచి నిలబడింది, లోపలి మనుషులు లేరు.

ఎవరి నంబరు వారు చెబితే వరుసను తిరిగి కూర్చవచ్చని నేను సూచించాను. అది నా ఉద్యోగకాలపు దురలవాటు, అడిగితే జనం చెబుతారనుకోవడం. "నాది ఒకటి సారు." "నాది గూడ ఒకటే." నకలు చెరిగాక అందరి నంబర్లూ బాగుపడ్డాయి. ఒకటో నంబరు వచ్చినవారు ఆరుగురు తేలారు, రెండు వచ్చినవారు ఐదుగురు. పది దాటిన నంబరు చెప్పినది ఒక్క మనిషే.

"నాది పదకొండు సారు."

ఆమె మా పక్క తోట రైతు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమె గొంతే, మైకు అవసరం లేదు. నాలుగేళ్లు పెంచిన తోటలో అది మొదటి పెద్ద కోత. టిక్కును నమ్మి సోమవారమే గెలలన్నీ కోయించి, వంతు మధ్యాహ్నమని తీరికగా వచ్చింది. ఆ రోజు తూకం కాకపోతే ఆ లోడును మిల్లు ముట్టుకోదు.

పదకొండింటికి కాటా బాధ్యుడు వచ్చి, పాత పద్ధతే మేలన్నాడు. అందరూ గెలల కోసం పరుగెత్తారు. ఆమె ట్రాక్టరు దూరంగా ఉంది. గెల మోసుకొచ్చేసరికి ఇరవయ్యో స్థానం మిగిలింది. మొదటి స్థానంలో ఎర్ర రంగు పూసిన గెల అప్పటికే తెల్లవారుజాము నుంచి ఉంది. అది అధ్యక్షులది.

"యాప్ ఉండగా గెల ఎందుకు పెట్టిండ్రు?" అని అడిగాను.

"ఎందుకన్న మంచిదని, సారు," అన్నారు, ఏమాత్రం తడబడకుండా.

నేను లెక్క వేశాను. ఒక్కో ట్రాక్టరుకు ఇరవై రెండు నిమిషాలు. పదకొండు నుంచి ఆరు వరకు నాలుగు వందల ఇరవై. పంతొమ్మిది అందుతాయి, రెండు నిమిషాలు మిగులుతాయి. ఇరవయ్యోది అందదు. చుట్టూ ఉన్నవారు అడిగారు కనుక ఆ మాట పైకే చెప్పాను.

"అంటే నాది పోయినట్టేనా సారు?" అంది ఆమె.

"లెక్క ప్రకారం అంతే."

ఆమె తన గెలను మళ్లీ ఎత్తుకుని వరుస మొదటికి నడిచింది. ఎర్ర గెలను కాలితో దొర్లించుకుంటూ చివరిదాకా తెచ్చి వదిలి, తనదాన్ని దాని చోట పెట్టింది.

"ఏందమ్మా, నా గెలను తన్నుతున్నవ్?" అధ్యక్షులు చాయ్ గ్లాసుతోనే వచ్చారు.

"తంతలేను అన్నా, అప్‌డేట్ చేస్తున్న." ఆ గొంతు కాటా దాటి రోడ్డు అవతలికి వినిపించింది. "నేను ఎవ్వరి జాగ తియ్యలే. లింకు పంపినోళ్ల జాగనే తీసుకున్న."

పద్దెనిమిది మంది నవ్వారు. వారి స్థానాలు ఎక్కడివక్కడే ఉన్నాయి మరి. కాపలా మనిషి గేటు తీస్తూ, "ఎర్ర గెల ఆఖర్ల ఉన్నది. నేను గెలలనే చూస్త, మనుషులను చూడ," అన్నాడు.

"సారు, మీరన్న చెప్పుండ్రి!" అన్నారు అధ్యక్షులు నావైపు తిరిగి.

"నా లెక్క మారలేదు. ఇప్పుడు గూడ పంతొమ్మిదే," అన్నాను.

తరువాతి ప్రకటన గురువారం వచ్చింది. చెరిగిన నకళ్లను ఇకమీదట ఏడు రోజులు దాచి ఉంచుతారట. మన కష్టం తీరిందని మేనకోడలు సంబరపడింది. పంపవద్దన్నది పంపేవారిని ఆపే సదుపాయం ఉందా అని అడిగాను. "అది ఎవ్వరు చెయ్యలే మామా," అంది.

ఆ మంగళవారం కాటాకు వచ్చిన ట్రాక్టర్లు ఇరవై. సాయంత్రం ఆరింటిలోపు తూకమైనవి పంతొమ్మిది. మిగిలిన ఒక్కటి అధ్యక్షులది.