కావడికెక్కని సంచి

సుక్రు చివరిగా చేసిన పని ఒక అమ్మాయి సంచిని కావడికి తగిలించి చూడటం.

టైడా పై కొండలకు అతను దారి చూపి తీసుకెళ్ళే కాలేజీ పిల్లలెవరికైనా అతని వాకిట్లో ఆ పరీక్ష తప్పదు. దూలానికి తాడుతో వేలాడే కావడి బద్దకు ఒక కొసన చోళ్ళ గింజల మూట, రెండో కొసన పిల్లల సంచి. సంచి కిందికి దిగిందా, అందులోంచి ఏదో ఒకటి బయటికి రావలసిందే. ఆ సాయంత్రం పార్వతీపురం నుంచి వచ్చిన గాయత్రి సంచి ఏకంగా నేలకే తగిలింది.

"ఏటమ్మా, కొండకెల్తన్నావా, కాపరానికెల్తన్నావా?" అంటూ సుక్రు లావుపాటి బొమ్మల పుస్తకం, రంగుల డబ్బా తీసి పక్కన పెట్టాడు. "దుప్పటుండాల, వానకోటుండాల. ఇయ్యి ఇంటికాడుంటాయి."

"మరి నీ సంచెప్పుడు తూస్తావయ్యా?" కూతురు సోని గుమ్మంలోంచి ఎప్పటిలాగే దెప్పింది. "గున్నేనుగులాగుంది."

"ముసిలోడి సంచి జోలి నీకెందుకే గుంటా?"

తెల్లవారాక సుక్రు లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. పిల్లలు పక్కన పెట్టిన వస్తువుల మాటే మరిచి ఏడ్చుకుంటూ వెనక్కి వెళ్ళిపోయారు. అతను సర్దుకున్న సంచి మేకుకు అలాగే వేలాడుతూ ఉండిపోయింది. దాన్ని విప్పడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు.

వానలు వెళ్ళి వలిసె చేలు పసుపుపచ్చగా విరగబూశాక, ఆ గుంపులో ఏటా వచ్చే ఉదయ్ ఫోన్ చేశాడు. "సోనక్కా, మేం మళ్ళీ వస్తాం. నువ్వు తీసుకెళ్తావా?"

దారి సోనికి కొత్త కాదు. విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కోసం చిన్నప్పటి నుంచీ తిరిగిన కొండే. తన మాట వాళ్ళు వింటారా అన్నదే ఆమె దిగులు. ఈసారి కుదరకపోతే అయ్య పని అయ్యతోనే పోయినట్టు. బాబాయి కొండబాబు ఆ మాట మొహం మీదే అనేశాడు. "ఆడగుంటవి. ఆ పట్నం గుంటల సంచుల్లోంచి ఒక్క వస్తువు తీయించగలవేటి?"

పిల్లలు వచ్చారు. కావడి మీద ఉదయ్ సంచి దిగిపోయింది.

"బంతి తియ్యి," అంది సోని.

"గాలి తీసేశాను కదక్కా!"

"గాలికి బరువేటిరా? తోలుకే బరువు. బేగి తియ్యి."

అందరూ గొల్లుమన్నారు. ఉదయ్ నవ్వుతూ బంతి తీసిచ్చాడు. కొండబాబు తర్వాతి సంచి ఎత్తి కావడికి తగిలించాడు.

సోని బంతిని ఇంట్లో పెట్టి, అయ్య సంచిని మేకు నుంచి దింపింది. ఇక దాన్ని మోసేది తనే. చేతులు కుంగాయి. వాకిట్లో కూర్చుని విప్పింది. తాడు, కత్తి, ఉప్పు మూట. అడుగున తువ్వాలులో చుట్టి గాయత్రి బొమ్మల పుస్తకం, రంగుల డబ్బా.

గాయత్రి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇంటిదగ్గరే ఉంటాయన్నాడు కదా!"

"ప్రతిసారీ అలాగే అనేవాడు," అన్నాడు ఉదయ్. "పైకెళ్ళాక తీసిచ్చేవాడు. పోయినేడు నా బంతీ ఆయనే మోశాడు. ఈపాటికి నీకు తెలిసిపోయుంటుందనుకున్నానక్కా. 'మా గుంటకి మాత్రం సెప్పకండ్రా, ఏడిపిస్తది' అనేవాడు."