ఆ ఏడు రిటర్న్ గిఫ్టులు లేవన్నాను

మా ఇంట్లో టీవీ కింద ఒక సొరుగు ఉంది. అది తెరిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మూత పడని టిఫిన్ బాక్సులు, రెండు పెన్సిళ్ళు చెక్కేసరికి బ్లేడు ఊడిపోయే షార్పనర్లు, నీళ్ళు పోస్తే ప్లాస్టిక్కు కంపు కొట్టే బాటిళ్ళు, పంది ఆకారంలో డిబ్బీలు. వీటన్నిటి మధ్య ఒక కాఫీ కప్పు ఉంది, దాని మీద ఒక పిల్లాడి ఫోటో అచ్చేసి ఉంది. ఆ పిల్లాడెవరో నాకు సరిగ్గా తెలియదు. వాడి మొదటి పుట్టినరోజుకి కాశీబుగ్గ బస్టాండు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు, ఫంక్షన్ హాల్లో ఊరందరికీ భోజనాలు పెట్టారు, వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో వాడి మొహమున్న కప్పు పెట్టి పంపారు. రోజూ పొద్దున్నే వాడి మొహం చూస్తూ నేను కాఫీ తాగాలని వాళ్ళ కోరిక కాబోలు. నేను తాగలేదు. పారేద్దామంటే పసివాడి మొహం, చేతులు రాలేదు. సొరుగులో పడేశాను.

వీటన్నిటినీ కలిపి రిటర్న్ గిఫ్టులంటారు. పిల్లల పుట్టినరోజుకి వెళ్ళి ఒక ప్లాస్టిక్కు వస్తువు ఇచ్చి, ఇంకో ప్లాస్టిక్కు వస్తువు తెచ్చుకోవడం. ఇంతకంటే తెలివితక్కువ పని పెద్దవాళ్ళు చేయగా నేను చూడలేదు. చూడలేదంటే, నేను బడిపంతులమ్మను. తెలివితక్కువ పనులు చాలానే చూశాను, కానీ అవి చేసింది పిల్లలు.

పలాసకి దగ్గర్లో ఒక పల్లెలో ప్రభుత్వ బడిలో పాఠాలు చెబుతాను. మా అమ్మాయిని మాత్రం కాశీబుగ్గలో ఇంగ్లీషు మీడియం కాన్వెంటులో చదివిస్తున్నాను. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ నవ్వు నాకు అలవాటే. ఆ కాన్వెంటులో మా అమ్మాయి క్లాసు తల్లులకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పిల్లలకి ఎక్కాలు రాకపోతే అందులో ఎవరూ మాట్లాడరు. "రిటర్న్ గిఫ్ట్ ఐడియాస్ ప్లీజ్" అని ఒకావిడ పెడితే చాలు, సాయంత్రానికి నూరు మెసేజీలు. ఫ్లెక్సీ కట్టించిన పిల్లాడి మేనత్త కూడా ఆ గ్రూపులోనే ఉంది. ఆవిడ ఇలాంటి వాటికి పెద్ద దిక్కు. ఎవరేమి ఇచ్చారో, ఎవరిది చవకరకమో ఆవిడకి కంఠతా వచ్చు. ఇంత చర్చ జరిగాక అందరూ వెళ్ళేది మళ్ళీ ఒకే ఫ్యాన్సీ షాపుకి. అక్కడ ఏది కొన్నా నీలం రంగు మీద వెండి చుక్కలున్న ఒకే రకం కాగితంలో చుట్టి ఇస్తారు. మా సొరుగులో అలాంటి కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి.

నాది కవిటి దగ్గర పల్లె. నా చిన్నప్పుడు పుట్టినరోజంటే తలంటు, కొత్త గౌను, కొబ్బరి పాలు పోసిన పాయసం. బడిలో పిల్లలకి తలా ఒక చాక్లెట్టు, టీచరుకి రెండు. మా రోజులు గొప్పవని చెప్పడం లేదు. ఆ చాక్లెట్టు కోసం మేమూ కొట్టుకునేవాళ్ళం. కానీ తిన్నాక అది అయిపోయేది. ఇరవయ్యేళ్ళు సొరుగులో కూర్చునేది కాదు.

ఇంత మాట్లాడే నేను కూడా ఒకసారి ఆ బురదలో దిగాను. మా అమ్మాయి ఏడో పుట్టినరోజుకి మా ఆయన పట్టుబట్టాడు. "పిల్లలు ఒట్టి సేతుల్తో ఎలిపోతే మనకి బాగుంటాదేటి? పరువు పోద్ది" అన్నాడు. ఎవరి దగ్గర పరువు అంటే చెప్పలేదు. అయస్కాంతం మూతలున్న పెన్సిలు డబ్బాలు కొన్నాం. అది చాలక, మూత లోపల మా అమ్మాయి ఫోటో అంటించాలని కూడా ఆయనకే తోచింది. ముందు పళ్ళు రెండు ఊడిపోయి నవ్వుతున్న ఫోటో. పన్నెండు డబ్బాలకి పన్నెండు ఫోటోలు నా చేత్తో నేనే అంటించాను. తరువాత షాపు వాడు వాటిని ఆ చుక్కల కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆ పన్నెండులో ఒకటి అందుకున్న పిల్ల గురించి ఇక్కడ చెప్పాలి. మా అమ్మాయికి ప్రాణ స్నేహితురాలు. వాళ్ళదీ మా కవిటి వైపే. తండ్రికి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి కాబట్టి, ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని పలాస వచ్చి అద్దెకి ఉంటున్నారు. తల్లి జీడిపప్పు షెడ్డులో గింజలు కొట్టే పనికి వెళుతుంది. పిల్లకి కాన్వెంటు ఫీజు మేనమామ కడతాడని విన్నాను. చాలా తక్కువగా మాట్లాడే పిల్ల. మా ఇంటికి వస్తే చెప్పులు విడిచి, రెండిటినీ జతగా గోడవార పెట్టి లోపలికి వస్తుంది. క్లాసులో ఎవరి పుట్టినరోజుకి పిలిచినా వెళ్ళేది. చుక్కల కాగితం చుట్టిన ప్యాకెట్టు ఒకటి పట్టుకుని వెళ్ళేది.

పోయినేడాది, ఎనిమిదో పుట్టినరోజు దగ్గర పడుతుండగా నేను ఇంట్లో ప్రకటించాను. ఈసారి కేకు ఉంటుంది, పఫ్‌లు ఉంటాయి, రిటర్న్ గిఫ్టులు ఉండవు. మా ఆయన గొణిగి ఊరుకున్నాడు. అమ్మాయి మాత్రం ఊరుకోలేదు.

"అమ్మా, మరి దానికెలాగ?" అంది స్నేహితురాలి పేరు చెప్పి.

"దానికేమైంది?"

"దానికి కావాలమ్మా."

"సరే, దాని ఒక్కదానికీ విడిగా ఏదైనా ఇద్దాం."

"ఒద్దు. ఒక్కదానికే ఇత్తే తీసుకోదు. అందరికీ ఇయ్యాలి."

నాకు చిరాకేసింది. తను అడగడానికి మొహమాటపడి స్నేహితురాలి మీద పెడుతోందనుకున్నాను. లేదంటే ఆ పిల్లకే ఇంత చిన్న వయసులో ఇంత ఆశ పట్టుకుందనుకున్నాను. ఎనిమిదేళ్ళకే ఎలా తయారవుతున్నారో చూడమని మా ఆయనతో అన్నాను కూడా. అమ్మాయి ఇంకేదో చెప్పబోయింది. లెక్కలు చేసుకోమని పంపేశాను.

ఆదివారం మధ్యాహ్నం పార్టీ. పన్నెండు మంది పిల్లలు వచ్చారు, దించడానికి వచ్చిన నలుగురు తల్లులు కూడా ఉండిపోయారు. ఆ మేనత్తగారు సరేసరి. కేకు కోశారు, మొహాలకి పూసుకున్నారు, సోఫా కవర్ల నిండా క్రీము. తినడం అయిపోయింది. అయినా ఎవరూ కదలరు. తలుపు దగ్గర గుంపుగా నిలబడి, చెప్పులు వేసుకోకుండా, నా చేతులకేసి చూస్తున్నారు. ఆ చూపు చూస్తే నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. తినిపించి ఆడించినది వాళ్ళకి లెక్కలేదు. చేతిలో ఏదో పడాలి.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. పంతులమ్మని, ఎదురుగా పిల్లలు నిలబడితే నోరు ఊరుకోదు. ఈ గిఫ్టులన్నీ ఒకరి ఇంట్లోంచి ఇంకొకరి ఇంట్లోకి తిరిగే చెత్త అని, మేము ఇవ్వడం మానేశామని, మీ అమ్మలు కూడా మానేస్తే బాగుంటుందని చెప్పాను. మేనత్తగారు మూతి విరిచింది.

"అదేటండీ టీచరుగారూ, పిల్లలు ఆశపడి వత్తారు కదా. ఇంటికెళ్ళి సంబరంగా ఇప్పుకుంటారు."

"ఎవరూ విప్పుకోరండీ. మూల పడేస్తారు. కావాలంటే చూడండి" అన్నాను.

ఏం చూడమన్నానో నాకే తెలియదు. చేతికి ఏదో రుజువు కావాలి. టీపాయి మీద మా అమ్మాయికి వచ్చిన గిఫ్టులు కుప్పగా ఉన్నాయి. పైనున్న చుక్కల కాగితం ప్యాకెట్టు తీసి చింపాను. లోపల పెన్సిలు డబ్బా. అయస్కాంతం మూత. తెరిస్తే మా అమ్మాయి ఫోటో, ముందు పళ్ళు లేకుండా నవ్వుతూ.

నేను గట్టిగా నవ్వాను. ఇంత మంచి రుజువు దొరుకుతుందని నేను కూడా అనుకోలేదు. "చూశారా! పోయినేడు నేనిచ్చిన డబ్బా ఊరంతా తిరిగి మళ్ళీ మా ఇంటికే వచ్చింది. ఇంకేమైనా చెప్పాలా?" అని డబ్బా తెరిచి పట్టుకుని అందరికీ చూపించాను. తల్లులు పడీ పడీ నవ్వారు. తల్లులు నవ్వుతుంటే పిల్లలూ నవ్వారు. చింపిన కాగితాన్ని మేనత్తగారు తీసుకుని, దాని మీద అంటించిన చీటీ చూసి, పెన్సిలుతో రాసిన పేరు పైకి చదివింది.

ఆవిడ చదువుతుందని నాకు తెలుసు. ఆ కాగితం ఆవిడ చేతిలోంచి లాక్కోవచ్చు. లాక్కోలేదు. నవ్వు ఇంకా అయిపోలేదు నాకు.

ఆ పిల్ల గోడవార తన చెప్పుల దగ్గర నిలబడి ఉంది. ఏడవలేదు. చెప్పులు వేసుకుంది. "ఆంటీ, ఎళ్ళొత్తాను" అని నాకు చెప్పి మరీ వెళ్ళింది.

అందరూ వెళ్ళాక మా అమ్మాయి ఆ డబ్బా పట్టుకుని నేల మీద కూర్చుంది. నేను సోఫా కవర్లు తీస్తున్నాను.

"అది ఏదీ ఇప్పదమ్మా" అంది. "రిటర్న్ గిఫ్టులన్నీ దాసుకుంటాది. ఎవరి బర్త్‌డేకైనా అందులో ఒకటి తెత్తాది. ఎవరిది ఎవరికిస్తన్నాదో తనకి గుర్తుంటాది, ఎప్పుడూ తప్పు చెయ్యలేదు. ఈసారే కలిసిపోనాయి. అన్నీ ఒకలాగే ఉంటాయి కదా."

నేను డబ్బా తీసి చూశాను. లోపల రబ్బరు మీద ప్లాస్టిక్కు కవరు కూడా ఊడలేదు. పెన్సిళ్ళ మొనలు చెక్కలేదు. ఏడేళ్ళ పిల్ల, అందంగా చుట్టిన ప్యాకెట్టు చేతికిస్తే, లోపల ఏముందో చూడకుండా ఏడాది దాచింది. నేనైతే పదిహేనేళ్ళ వయసులో కూడా దాచలేను.

"మరి ముందే చెప్పొచ్చు కదే" అన్నాను.

"సెప్పాను కదా" అంది. "దానికి కావాలని."

ఎవరూ విప్పుకోరని అందరి ముందూ సవాలు చేశాను. అది నిజమే. ఎందుకు విప్పుకోరో మాత్రం అప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ మేనత్తగారి మీద ఎప్పుడూ అంత వేయలేదు.

రెండు రోజుల తరువాత, నేను బడికి బయలుదేరుతుంటే గేటు దగ్గర ఆ పిల్ల తల్లి నిలబడి ఉంది. షెడ్డుకి వెళుతూ దారిలో ఆగింది. జీడి రసం తగిలి వేళ్ళు నల్లగా ఉన్నాయి. ఆ వేళ్ళతో ఒక ప్యాకెట్టుని, మరక అంటకుండా, పైన గుడ్డ వేసి పట్టుకుంది.

"ఏటనుకోకండి టీచరుగారూ. మా గుంట తెలీక మీదే మీకు తెచ్చీసింది. ఇది కొత్తదేనండి, నిన్ననే కొన్నాను. పాపకి ఇయ్యండి."

"అయ్యో, ఇదంతా ఎందుకమ్మా? తప్పు నాదే. నేనే నోరు జారాను. వద్దు, తీసుకెళ్ళు" అన్నాను.

"తీసుకోండి. మా గుంట మీ ఇంట్లో తిన్నాది కదా. ఒట్టి సేతుల్తో వచ్చి తిన్నట్టుంటాది."

ప్యాకెట్టు తీసుకున్నాను. టీ తాగి వెళ్ళమన్నాను. షెడ్డులో పనికి వేళైపోయిందని వెళ్ళిపోయింది. లోపల రంగు పెన్సిళ్ళ పెట్టె, పెద్దది, మంచి రకం. ఆ పుట్టినరోజుకి మా అమ్మాయికి వచ్చిన వాటన్నిటిలోకీ మంచిది అదే.

ఈ ఏడు తొమ్మిదో పుట్టినరోజు. రిటర్న్ గిఫ్టులు నేనే వెళ్ళి కొన్నాను, అదే షాపులో. ఫోటోలు అంటించలేదు. ఒక్కొక్కటీ ఒక్కో రంగు కాగితంలో చుట్టమంటే షాపు వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చుట్టేదాకా అక్కడే నిలబడ్డాను. పదమూడు చుట్టించాను.

"దాన్ని పిలిచావా?" అని అమ్మాయిని అడిగాను.

"పిలిచాను. వత్తానంది. అందరితోనూ వత్తాననే అంటాదమ్మా. ఎవరింటికీ వెళ్ళదు ఇప్పుడు."

పన్నెండు మంది వచ్చారు. కేకు తిన్నారు, తలుపు దగ్గర గుంపుగా నిలబడి నా చేతులకేసి చూశారు. ఒక్కొక్కరి చేతిలో ఒకటి పెట్టాను. మేనత్తగారు నన్ను చూసి, ఇప్పటికి దారికి వచ్చారన్నట్టు నవ్వింది. నేనూ నవ్వాను. గోడవార జతగా పెట్టిన చెప్పులు ఏవైనా ఉన్నాయేమోనని ఒకసారి చూశాను. తరువాత పదమూడో ప్యాకెట్టు తెచ్చి ఆ సొరుగులో పెట్టాను.