రేగి గింజల పొట్లం

నాకు నిద్ర పట్టని జబ్బు నెలల నాటిది. పెనాంగులో ఒక చైనా వైద్యుడు కాచి తాగమని ఇచ్చిన మూలికలు బాగా పనిచేశాయి. అవి అయిపోవచ్చాయి. మిగిలిన పిడికెడూ పట్టుకుని, బస చేసిన ఒంటిమిట్ట నుంచి కడపలో మూలికల అంగడికి వెళ్లాను. అంగడి పెద్దాయన ఒక ఎర్రటి గింజ ఏరి కొరికి చూశాడు.

"ఇది రేగి జాతిదే, కానీ మన రేగి కాదప్పా. మన గింజలిస్తా, అతిమధురం కలుపుతా. బసకు చేరేదాకా ఎవురితోనూ పలకొద్దు. పలికితే మందు పారదు."

మాది విశాఖ. ఇలాంటిది ఎప్పుడూ వినలేదు. అయినా నోరు మూసుకుని బస్సెక్కాను.

"యాడికి సార్?" అన్నాడు కండక్టరు. దారం కట్టిన పొట్లం చూపించి పెదవుల మీద వేలు పెట్టాను.

పక్క సీటు పెద్దమ్మ అందుకుంది. "మందు తీసుకోని పోతాండాడప్పా, పలకకూడదు. ఒంటిమిట్టకేనా నాయనా?"

తలూపాను. ఆ మాట వెనక సీట్ల దాకా పాకింది. డ్రైవరు పాట ఆపేశాడు. ఎండలో రాళ్లగుట్టలు నీళ్లమీద తేలుతున్నట్టు కదిలిపోయాయి. బస్సంతా నాకోసం మౌనం పట్టింది.

కళ్లు తెరిచేసరికి రాజంపేట.

"ఒంటిమిట్టలో లేపలేదేం?" అన్నాను, మౌనం సంగతే మరిచిపోయి.

"మందు పారిన మనిషిని ఎట్ల లేపేది సార్?" అన్నాడు కండక్టరు.

ఒళ్లో పొట్లానికి కట్టిన దారం అలాగే ఉంది.