బోర్డు మీది సైకిలాయన

కారు అమ్మేసి సైకిలెక్కిన రోజున మా మిల్లు మిల్లంతా ఆయన్ని చూసి నవ్వింది. యాభై దాటాక, ప్యాంటు అంచుకి క్లిప్పు పెట్టుకుని రొప్పుకుంటూ వచ్చే మనిషిని చూసి ఎవరు మాత్రం నవ్వరు? "పెట్రోలు వాసన పడట్లేదా గురువుగారూ?" అని అడిగితే, "ఒళ్ళు కరగాలి కదండీ" అనేవాడు. కరగడానికి అక్కడేముందని! ఎముకలకి చొక్కా తొడిగినట్టుండేవాడు. ఆ రోజు నుంచీ సైకిలాయన అనే పేరు ఖాయమైపోయింది.

అసలు సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెప్పేస్తాను. ఆయన కళ్ళు పోతున్నాయి. పక్కలు కనిపిస్తాయి, నడిమధ్య కనిపించదు. మనిషి ఎదురుగా నిలబడితే చెవులూ భుజాలూ తెలుస్తాయి, ముఖం ఉండాల్సిన చోట మసక. ఇక బాగయ్యేది కాదని డాక్టరు చెప్పి, కారు తాళాలు ఆయన భార్య చేతికి ఇప్పించాడు. సైకిలు సంగతి డాక్టర్ని అడగలేదు, అడిగితే అదీ వద్దంటాడని. రోడ్డంచు తెల్లగీతని ఓరకంట పట్టుకుని, అలవాటైన దారిలో మెల్లగా వచ్చేవాడు.

పోనీ మిల్లులో పనేమన్నా మూటలు మోసేదా అంటే, కాదు. బట్ట తనిఖీ! కింద లైటు వెలిగే గాజుబల్ల మీద బట్ట జారుతుంటే ముడులూ, తెగిన పోగులూ, నూనె మరకలూ పట్టుకుని సుద్దతో గీత పెట్టాలి. కళ్ళు లేవని తెలిస్తే మర్నాడే ఇంటికి పంపేస్తారు. పింఛను చేతికొచ్చే దాకా ఎలాగోలా నెట్టుకురావాలన్నదే ఆయన తాపత్రయం. ముడులు వేళ్ళకి తగిలేవి. మరకలు తగలవు. అందుకని పక్కబల్ల మీద పనిచేసే ఆయన తోడల్లుడు దగ్గేవాడు. మరక ఎడంపక్కనుంటే ఒకసారి, కుడిపక్కనుంటే రెండుసార్లు. దగ్గు వినపడగానే సైకిలాయన చెయ్యి టక్కున అటు పోయేది. మాకేం తెలుసు? పాపం ఆ తోడల్లుడికేదో రోగమని, అతని మంచినీళ్ళ గ్లాసు వేరే పెట్టాం.

అంతలో కొత్త మేనేజరు దిగాడు. గాలి పాడైపోతోందని ఆయనకి మహా బెంగ. ఆ బెంగతోనే డ్రైవరు నడిపే పెద్దకారులో వచ్చేవాడు. కారు వదిలేసిన మనిషొకడు ఇక్కడున్నాడని తెలియగానే సైకిలాయన్ని పిలిచి, పొగిడి పొగిడి మునగచెట్టు ఎక్కించాడు. అందరం సైకిళ్ళ మీద ఊరేగాలట, ముందు ఆయన ఉండాలట.

ఊరేగింపు రోజు పొద్దున్న గేటు పక్కన నిలువెత్తు బోర్డు వెలిసింది. దాని నిండా సైకిలాయన బొమ్మే. ఎప్పుడు ఫోటో తీశారో ఏమో, ఆయనకి తెలియదు. తలైనా తిప్పకుండా దాని పక్కనుంచి లోపలికొచ్చేశాడు. "చూశారా, ఎంత నిగర్వి!" అని మేనేజరు మురిసిపోయాడు.

"రోజూ వచ్చే దారిలోనే పోదామండీ" అని సైకిలాయన బతిమాలాడు.

"ఆ సందుల్లో ఫోటోలేం బాగుంటాయి? పెద్దబజారు మీదుగా పదండి."

"ఆయనకి ఆ దారి అలవాటు లేదండీ" అని తోడల్లుడు అడ్డుపడ్డాడు.

"సైకిలు తొక్కడానికి అలవాటేంటయ్యా!"

బయల్దేరాం. పెద్దబజారు మలుపులో పైపుల కోసం రోడ్డుకి కుడిపక్క గొయ్యి తవ్వి ఉంది. సైకిలాయన గీత వెతుక్కుంటూ అటూ ఇటూ తూలుతున్నాడు. వెనకున్న తోడల్లుడు గొయ్యి చూశాడు. "ఆగు" అని అరవొచ్చు కదా! నోటికి అలవాటైనదే వచ్చింది. రెండుసార్లు దగ్గాడు.

సైకిలాయన హ్యాండిల్ టక్కున కుడికి తిరిగింది.

బురదలోంచి లేపుతుంటే మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వాం. మోకాలి నుంచి రక్తం కారుతోంది.

"గొయ్యుందని దగ్గాను అన్నయ్యా!" అని తోడల్లుడు ఏడ్చేశాడు.

"మరక ఉందంటే అటే కదరా పోతాను" అన్నాడు ఆయన, నొప్పిలో ఒళ్ళు తెలియక.

మేనేజరు ఆ మాట పట్టుకున్నాడు. కుంటుతున్న మనిషిని అలాగే కారులో వేసుకొచ్చి గేటు దగ్గర దింపి, మేం ఆయన సైకిలు మోసుకుంటూ వచ్చి చేరాక, బోర్డు ముందు నిలబెట్టాడు. "ఇదెవరో చెప్పు."

సైకిలాయన తల వాల్చి, పక్కకి తిప్పి, చాలాసేపు చూశాడు. చివరికి చేతులు జోడించి, "పెద్దసారు కదండీ" అన్నాడు.

మళ్ళీ నవ్వాం. ఏం మనుషులమో.

తోడల్లుళ్ళిద్దరినీ ఆ సాయంత్రమే పంపేశారు. బోర్డు మాత్రం తీయలేదు. మిల్లు చూడ్డానికొచ్చిన పెద్దమనుషులకి మేనేజరు దాన్ని చూపిస్తుంటాడు.

రెండోరోజు ఆయన భార్య సైకిలు తీసుకెళ్ళడానికొచ్చి, బోర్డు ముందు ఆగిపోయింది. "ఏంటమ్మా అంతలా చూస్తున్నారు?" అని వాచ్‌మన్ కసిరాడు.

"బొమ్మలో ఆయన ఏ చొక్కా వేసుకున్నారో చూస్తున్నా బాబూ. ఇంటికెళ్ళగానే అడుగుతారు."

వంకరపోయిన ముందుచక్రాన్ని పైకెత్తి పట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయింది.