జగన్ చేతి కొవ్వొత్తి

మా పక్కింటి కోటేశ్వరి చేతి శనగపప్పు వడ తినని వాళ్ళు చిమిండైంగ్ బజారులో లేరు. తాతలనాడు శ్రీకాకుళం నుంచి బర్మా ఓడరేవు కూలికి వచ్చిన కుటుంబం. మొగుడు పోయాక ఆ బాణలితోనే కొడుకు జగన్మోహన్‌ని పెంచింది. ఎవరితోనూ గొడవ పెట్టుకోదు, అలాగని ఎవరి మాటా వినదు. ఒట్టి మొండిఘటం.

సైన్యంలోకి కుర్రాళ్ళను పట్టుకుపోవడం మొదలయ్యాక జగన్‌ని గడప దాటనివ్వలేదు. ఎవరడిగినా థాయిలాండ్ పోయాడని చెప్పింది. అంతటితో ఊరుకుందా? ఇంట్లో అమ్మవారు చాలనట్టు చర్చిలో మేరీమాతకీ మొక్కుకుంది. సైన్యం కోసం వార్డులో తీసే చీటీల్లో వాడి పేరు రాకపోతే క్రిస్మస్‌కి వాడి చేత్తోనే కొవ్వొత్తి వెలిగింపిస్తానంది. పేరు రాలేదు.

"నువ్వెళ్ళి వెలిగించు. మేరీతల్లి కాదంటాదా?" అన్నాను.

"అదేటొదినా అలగంటావు? ఆడి చేత్తోనని మొక్కినాను. మాట తప్పితే ఊరుకుంటాదేటి?"

"చీటీలో రానోళ్ళని కూడా రోడ్డు మీద పట్టుకుపోతన్నారే! నీకు మతి పోయిందేటి?"

వినలేదు. మనసొప్పక నేనూ వాళ్ళ వెంట బయల్దేరాను.

చర్చి ఆవరణంతా క్రిస్మస్ సంత. కరెంటు లేదు; జనరేటరు రొద, రంగు బల్బులు, కేకులు, ఉన్ని టోపీలు. నెలల తరబడి నాలుగు గోడల మధ్య మగ్గిన జగన్ పసిపిల్లాడిలా అన్నీ చూశాడు. లోపలికెళ్ళి కొవ్వొత్తి వెలిగించాడు. కోటేశ్వరి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది.

"అయిపోయింది కదా, పదండి" అని తొందరపెట్టాను.

"మొహింగా తినేసి ఎల్దామే అమ్మా" అన్నాడు వాడు, చేపల పులుసు కుండ వైపు చూస్తూ.

"తిననీ ఒదినా. ఎన్నాళ్ళయిందో" అంది కోటేశ్వరి.

గిన్నె ఖాళీ కాకముందే గేటు దగ్గర ట్రక్కు ఆగింది. సిపాయిలు వయసు కుర్రాళ్ళనందరినీ నిలబెట్టి కార్డులు అడిగారు. వెనక దారి లేదు. జగన్ పేరు చీటీలో రాలేదని కోటేశ్వరి ఎంత మొత్తుకున్నా విన్నవాడు లేడు. రెక్క పట్టుకుని ఎక్కించేశారు. ఆమె వాళ్ళ కాళ్ళు పట్టుకుంది. బర్మాభాషలో బతిమాలింది, తెలుగులో శాపనార్థాలు పెట్టింది.

"అమ్మా, ఇంటికెళ్ళిపోయే!" అని వాడు పైనుంచి అరిచాడు. ట్రక్కు కదిలిపోయింది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ కోటేశ్వరిని కడిగిపారేయాలని నా నోటిదాకా వచ్చింది. మా వీధి మలుపులో ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పొదినా. ఆణ్ణి నేనే కదా బయటికి తెచ్చినాను?"

ఉన్నమాట మొహం మీద అనేస్తానని వాడలో నాకు పేరు.

"కాదే. నువ్వు కాదు" అన్నాను.