శ్రీపాదరావు సారు పుక్కిలి సీసాలు

శ్రీపాదరావుకు మనిషి దొరికితే చాలు, నోట్లో ఇన్ని ఉప్పునీళ్ళు పోసి, పుక్కిలింపజేసి, సీసాలో ఉమ్మించుకునేవాడు. ఆదోని బజారులో ఆయన సంచీ గలగలమంటే జనం సందులు పట్టేవారు.

పిచ్చేమీ కాదు, ఉద్యోగమే. యాభై ఏడులో ఫ్లూ జ్వరం ఊరిమీద పడ్డప్పుడు ఆయన ఆసుపత్రిలో ల్యాబు చూసేవాడు. ఆ సీసాలను ఐసుగడ్డల మధ్య, రంపపు పొట్టులో సర్ది మద్రాసు మెయిలుకు ఎక్కించేవాడు. వారం పది రోజులకు అక్కడి ప్రయోగశాల నుంచి కాగితం వచ్చేది. జ్వరం పురుగు దొరికిందంటే, సీసా పట్టిన తేదీకి గోడమీది కేలెండరులో కుంకుమ బొట్టు. దొరకలేదంటే సున్నం బొట్టు. జ్వరం వచ్చిందో పోయిందో ఆయనకు ఆ బొట్లే చెప్పాలి. కళ్ళముందు మంచాలు నిండుతున్నా "కాగితం రానీ" అనేవాడు.

ఆ మాట వింటే వార్డు ఆయా కృపమ్మకు ఒళ్ళు మండేది. జూన్ నుంచి గంజి పోసీ, దుప్పట్లు ఉతికీ ఆమె నడుము వంగింది వంగినట్టే ఉంది. దానికి తోడు ఈయన తంతు ఒకటి.

"పుక్కిలించి ఉమ్మప్పా" అనేవాడు జిన్నింగు మిల్లు కూలీ నరసప్పతో.

గుటుక్కుమనేది.

"మింగితివా!"

"మందును ఎవురన్నా ఉమ్ముతారా సామీ? నిన్నటికంటే నయముండాది. ఇంగొక గుక్క పోయండి."

ఊరంతా నరసప్పలే. మూడు గుక్కలు మింగితే గానీ ఒక సీసా నిండేది కాదు.

ఇంటిదగ్గర భార్య అంబాబాయి పోరు వేరే. "మడి కట్టే ఇంట్లో పుట్టి ఊరందరి ఎంగిలి మోస్తారా!" అని వాకిట్లోనే నిలబెట్టి రెండు బిందెలు కుమ్మరించేది. ఆ చన్నీళ్ళకు జలుబు చేసేది. ఆ జలుబుకు తనే పుక్కిలించి, తన సీసా కూడా మెయిలుకు ఎక్కించేవాడు.

సెప్టెంబరుకు వార్డు ఖాళీ అయింది. కృపమ్మ కూతురు సుగుణమ్మ ఎమ్మిగనూరులో నిండు చూలాలు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని తల్లి ఆశ. డాక్టరేమో, సెలవు సంగతి శ్రీపాదరావునడుగు అన్నాడు.

"కాగితం రానీ కృపమ్మా."

"జొరం యాడుంది సారూ? మంచాలమీద పిల్లులు పండుకుంటాండాయి!"

కాగితం వచ్చింది. బజారులో పట్టిన ఆరు సీసాల్లో మూడింటికి కుంకుమ బొట్టు పడింది.

"మళ్ళీ లేస్తాంది. నిండు చూలాలిని ఈ ఊరికి తేవద్దు."

"అయితే నేనే ఆడికి పోతా."

"పొయ్యేది వార్డులోంచే కదమ్మా? పుక్కిలించు."

కృపమ్మకు ఏడుపొచ్చింది. ఏడ్చే ఓపిక లేక, కోపంగా నీళ్ళు నోట్లో పోసుకుని, మింగేసింది.

"నువ్వు గూడానా!" అని శ్రీపాదరావు నెత్తి కొట్టుకున్నాడు.

రెండో గుక్క సీసాకెక్కింది. కాగితం వచ్చేదాకా వార్డు గడప తొక్కకుండా వెనక గదిలో కూర్చుని కొత్త సీసాలు కడగమన్నాడు. "తొలి కాన్పుకు తల్లికి తీరిక లేదంట" అని వియ్యపురాలు కబురు పంపింది. కృపమ్మ ఆ కబురును, శ్రీపాదరావునూ కలిపి తిట్టుకుంటూ సీసాలు కడిగింది.

నాలుగో రోజుకు వార్డు మళ్ళీ కిక్కిరిసింది. ఆయన కాగితమే నిజమైంది. మరి గంజి ఎవరు పోస్తున్నారోనని ఆమె కిటికీలోంచి చూసింది. పంచె ఎగ్గట్టి శ్రీపాదరావే పోస్తున్నాడు.

నరసప్ప గంజిని బుగ్గన పట్టి, సీసా కోసం చూస్తున్నాడు.

"మింగప్పా! ఇది మింగేదే!"

ఆ సాయంత్రం నుంచి అంబాబాయి బిందెలు నాలుగయ్యాయట.

పదో రోజు కృపమ్మ కాగితం వచ్చింది. సున్నం బొట్టు.

"మరి ఎమ్మిగనూర్లో ఎట్లుందో సారూ?" అంది ఆమె భయంగా.

ఆయన సొరుగులోంచి ఇంకో కేలెండరు తీశాడు. సెప్టెంబరులో ఆదివారం ఆదివారానికీ సున్నం బొట్లే. "మీ సుగుణమ్మ వీధి సీసాలవే. బయటే నిలబడి పట్టినాలే, గడప తొక్కలేదు. మీ వియ్యపురాలు రెండుసార్లు మింగింది. మంత్రాలయం పోతాండానని ఇంట్లో చెప్పినా. అంబాబాయికి చెప్పొద్దు."

కృపమ్మకు ఆ పదిరోజుల తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. "ఏం మనిషి సారూ మీరు!" అని కళ్ళు తుడుచుకుంది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది. మూడోనాడు మనవడు పుట్టాడు.

డిసెంబరులో, ఆదోని కేలెండరు కూడా తెల్లబడ్డాక, కృపమ్మ ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి చూడడానికి శ్రీపాదరావు వచ్చాడు. తన సున్నం బొట్టు కాగితం ముందు చూపించి మరీ గడప తొక్కాడు. చంకలో సంచీ గలగలమంది.

"వానికి పండ్లు గూడా రాలేదు సారూ!" అంది కృపమ్మ మనవణ్ణి అందిస్తూ.

ఎత్తుకోగానే వాడు తాగిన పాలన్నీ ఆయన చొక్కామీద ఉమ్మేశాడు.

"కృపమ్మా!" శ్రీపాదరావు మొహం వెలిగిపోయింది. "ఈ రెండూర్లలో చెప్పకుండానే ఉమ్మినోడు వీడొక్కడేనమ్మా!"